పంచింగ్ బ్యాగ్‌కు పేటెంట్: దరఖాస్తు నుంచి మంజూరు దాకా నా అనుభవం

2023 ఫిబ్రవరిలో వేసిన దరఖాస్తుకు 2025 మే నెలలో పేటెంట్ మంజూరైంది. ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో, ఎక్కడ డబ్బు ఖర్చయిందో, ఎక్కడ నిద్ర కరువైందో వరుసగా రాస్తున్నాను. దరఖాస్తు ఎలా వేయాలో చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఆ తర్వాత ఎగ్జామినర్ దగ్గర నుంచి అభ్యంతరాల చిట్టా వచ్చినప్పుడు ఏం చేయాలో, అసలు ఆ చిట్టా ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు మాత్రం నాకు కనిపించలేదు. అందుకే ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను బాక్సింగ్ నేర్పుతాను. ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన తలనొప్పి ఒకటి ఉంది. గుడ్డ పీలికలు కూరిన సంచిని వేలాడదీశాక, దెబ్బ పడినకొద్దీ పీలికలు కిందికి జారుతూ ఉంటాయి. కొన్నాళ్లకు పైభాగం మెత్తబడి పిడికిలి లోపలికి పోతుంది. అడుగుభాగం బిగుసుకుపోయి మణికట్టు అదురుతుంది. అప్పుడు సంచి దించి, మూతి విప్పి, పీలికలన్నీ బయటికి లాగి, విడదీసి, మళ్లీ కూరాలి. ఇద్దరు మనుషులకు సగం పూట పని. దుమ్ముకు తుమ్ములు అదనం.

నా సంచిలో నిలువునా ఒక నైలాన్ పట్టీ ఉంటుంది. దానికి అంచెలంచెలుగా గుండ్రటి బిళ్లలు బిగించి ఉంటాయి. ప్రతి బిళ్ల అంచునూ రేకులుగా కోశాం. రేకుల కింద గట్టి వలయం ఒకటి ఉంది. ఆ వలయం అడ్డు ఉండటం వల్ల రేకులు పైకి మడుచుకుంటాయి గాని కిందికి వంగవు. సంచి నెత్తిన ఉన్న చక్రం తిప్పితే పట్టీ పైకి చుట్టుకుంటుంది, బిళ్లలు పీలికలను మోసుకుంటూ పైకి లేస్తాయి. చక్రం వదిలేస్తే రేకులు గాలికి తిరగబడిన గొడుగులా మడుచుకుని, బిళ్ల పీలికల మధ్య నుంచి మెల్లగా కిందికి దిగుతుంది. దాన్ని దించడానికి ఎవరూ శ్రమపడనక్కర్లేదు. సంచి మీద పడే గుద్దులే దించుతాయి. ఇది సాధ్యం కావాలంటే రేకుల కొసకూ సంచి గోడకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. ఈ ఖాళీని గుర్తుపెట్టుకోండి, చివరికి నన్ను ఒడ్డున పడేసింది అదే.

మొదట అందరూ ఇచ్చిన సలహా డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోమని. అది చవక, త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ 2000 నాటి డిజైన్ల చట్టం కాపాడేది కంటికి కనిపించే రూపాన్ని: ఆకారం, అమరిక, అలంకరణ. నా సంచి బయటికి ఏ సంచిలాగైనా ఉంటుంది. విశేషమంతా లోపలే, అదీ పనిచేసే తీరులో. అలాంటిదానికి 1970 నాటి పేటెంట్ల చట్టం తప్ప దారి లేదు.

దాఖలు చేయడానికి ముందు కొన్ని వారాలు వెతికాను. గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంట్ కార్యాలయం వారి ఎస్పాస్‌నెట్, మన దేశపు ఇన్‌పాస్, మూడూ ఉచితమే. పేర్లతో వెతికితే అన్నీ చేతికి తగలవు, ఎందుకంటే పత్రాల్లో పంచింగ్ బ్యాగ్‌ను ఒకరు శిక్షణ పరికరమంటారు, ఇంకొకరు దెబ్బలు తినే దేహమంటారు. అంతర్జాతీయ వర్గీకరణలో ఏ63బీ 69/20 అనే గది ఒకటి ఉంది, పంచింగ్ బంతులూ సంచులూ అందులోకి వస్తాయి. ఆ గదిలో కూర్చుని చదివితే రెండు విషయాలు తెలిశాయి. మనకు వచ్చిన ఆలోచనల్లో చాలావాటిని ఎవరో ఎప్పుడో రాసేశారు. రెండోది, పీలికలను లోపలే పైకి లేపే పద్ధతి మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

2023 ఫిబ్రవరిలో ప్రొవిజనల్ స్పెసిఫికేషన్‌తో, అంటే ఆవిష్కరణ గురించిన తాత్కాలిక వివరణతో, దరఖాస్తు వేశాం. రెండు తెలుగు రాష్ట్రాలవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పనంతా ఆన్‌లైన్‌లోనే. వ్యక్తులకు రుసుము 1,600 రూపాయలు. అది వేసేదాకా సంచిని ఇంట్లో గది దాటనివ్వలేదు, ఒక్క ఫోటో కూడా ఎవరికీ పంపలేదు. దాఖలైనట్టు రసీదు వచ్చాకే శిక్షణ హాల్లో వేలాడదీశాం. జనం ముందు ముందే వాడి ఉంటే, కొత్తదనం లేదని మన సంచినే మన మీద సాక్ష్యంగా పెట్టవచ్చు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఫారం 1లో ఆవిష్కర్తల పేర్లు రాయాలి. వలయం ఆలోచన నాది కాదు. సంచి కుట్టిన పెద్దాయనది. నేను రేకులు రెండు వైపులా ఊగుతున్నాయని తల పట్టుకుని కూర్చుంటే, ఆయన పాత బకెట్టు అంచు కోసి కింద బిగించి చూపించారు. ఆయన పేరు కూడా ఆవిష్కర్తగా రాయాలని, నా తరఫున దరఖాస్తు పని చూసే పేటెంట్ ఏజెంటు గట్టిగా చెప్పారు. "నా పేరు ఎందుకమ్మా, నేను కుట్టానంతే కదా" అని ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. అయితే దరఖాస్తుదారుగా నేనొక్కదాన్నే ఉండాలంటే, హక్కు నాకు ఇస్తున్నట్టు ఆయన ఫారం 1లోనే సంతకం చేయాలి. ఈ సంతకం లేకపోతే పరీక్షలో అదొక అభ్యంతరమవుతుంది. ఆయనతో మాట్లాడి, వచ్చేదాంట్లో వాటా సంగతి వేరే కాగితం మీద రాసుకుని, సంతకం తీసుకున్నాను. ఇలాంటి మాటలు సంచి అమ్ముడుపోకముందే అయిపోవాలి. అమ్ముడయ్యాక మాట్లాడితే ఆ గొంతులే వేరుగా ఉంటాయి.

ప్రొవిజనల్ వేశాక పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల గడువు. ఆ ఏడాది నాకు బాగా కలిసొచ్చింది. హాల్లో పిల్లలు సంచిని చితక్కొట్టారు. ఏ రేకు చిరిగింది, ఏ కుట్టు వదిలింది, బిళ్ల ఎన్ని రోజులకు అడుగుకు చేరింది, అన్నీ నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. స్ప్రింగ్ త్రాసు కొసకు చెక్కముక్క కట్టి, సంచిని పైన, నడుమ, అడుగున ఒకే బలంతో నొక్కి, ఎంత లోతుకు దిగిందో స్కేలుతో కొలిచాం. బిళ్లలు లేపకముందు ఒకసారి, లేపాక ఒకసారి. ప్రయోగశాల లేదు, సర్టిఫికెట్టు లేదు. అయినా ఆ పట్టికను పూర్తి స్పెసిఫికేషన్‌లో పెట్టించాను. ఏజెంటు మొదట అంత అవసరమా అన్నారు, తర్వాత ఎప్పుడూ ఆ మాట అనలేదు.

2024 జనవరిలో పూర్తి స్పెసిఫికేషన్, 12 క్లెయిములతో. ఆవిష్కరణలో ఏది మనదో, ఎంతవరకు మనదో చెప్పే వాక్యాలే క్లెయిములు. పది దాటితే ఒక్కో క్లెయిముకు 320 రూపాయలు అదనం, పేజీలు ముప్పై దాటితే ఒక్కో పేజీకి 160. మా పేజీలు దాటలేదు. రెండు అదనపు క్లెయిములకు 640 కట్టాం. ఆ రెండూ తర్వాత ఏ గతి పట్టాయో చెబుతాను.

చాలామందికి తెలియని విషయం: దరఖాస్తు వేస్తే దానంతటదే పరీక్షకు పోదు. పరీక్ష కోరుతూ వేరే ఫారం వేసి, వేరే రుసుము కట్టాలి. మామూలుది ఫారం 18, వ్యక్తులకు 4,000 రూపాయలు. 2024 మార్చి 15న వచ్చిన సవరణ తర్వాత వేసే దరఖాస్తులకు ఇది 31 నెలల్లోపు వేయాలి, అంతకుముందు 48 నెలలు ఉండేది. అడగకుండా గడువు దాటితే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే లెక్క. దీనికి బదులు వేగవంతమైన పరీక్షకు ఫారం 18ఏ ఉంది. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు లాంటి కొన్ని వర్గాలకే ఆ అవకాశం. 2019 సవరణలో మహిళా దరఖాస్తుదారులను కూడా చేర్చారు. ఇది నాకు ఏజెంటు చెప్పేదాకా తెలియదు. రుసుము 8,000. దానితో పాటు ముందస్తు ప్రచురణ కోసం ఫారం 9 వేయాలి, అది 2,500. మామూలుగా అయితే 18 నెలలదాకా దరఖాస్తు బయటపడదు.

ఫిబ్రవరిలో పేటెంట్ జర్నల్‌లో ప్రచురించారు. జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. నా పేరు చూసుకుని మురిసిపోయాను, తెరను ఫోటో తీసి దాచుకున్నాను కూడా. ఆ మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మీ ఆవిష్కరణకు అవార్డు వచ్చింది, ప్రవేశ రుసుము కట్టండి అని ఒకరు. విదేశాల్లో నమోదు చేయిస్తాం అని ఒకరు. ప్రభుత్వ ముద్రలాంటిదేదో పెట్టి, ఫలానా జాబితాలో చేరడానికి డబ్బు కట్టమని ఒక ఉత్తరం. ప్రచురణతో ఫారం 1 ఎవరైనా చూడగలిగే పత్రమవుతుంది. అందులో మన నంబరూ ఈమెయిలూ ఉంటాయి. వీలైనచోటల్లా ఏజెంటు చిరునామానే ఇవ్వండి. పేటెంట్ కార్యాలయం రుసుములు కట్టేది దాని పోర్టల్లోనే. ఉత్తరంలో బ్యాంకు ఖాతా నంబరు కనిపిస్తే చించి పారేయవచ్చు.

మే నెలలో తొలి పరీక్షా నివేదిక వచ్చింది. అందరూ ఎఫ్‌ఈఆర్ అంటారు. ఈమెయిల్లో పీడీఎఫ్. మొదటి పేజీలో ఒక పట్టిక ఉంటుంది: నూతనత్వం, ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసినవాళ్లకు సులువుగా తట్టనిదై ఉండటం), పారిశ్రామిక ఉపయోగం, వీటికి ఎదురుగా క్లెయిముల సంఖ్యలూ అవును, కాదు అన్న మాటలూ. నూతనత్వం దగ్గర అవును. ఊపిరి పీల్చుకున్నాను. ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర ఒకటి నుంచి పన్నెండు దాకా కాదు. కింద సెక్షన్లు వరుసగా: 3(ఎఫ్), 3(ఎం), 10(5). పేజీలు తిప్పుతుంటే చేతులు చల్లబడ్డాయి. రెండేళ్ల పని ఒక్క పట్టికలో కొట్టుకుపోయిందనిపించింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు ఏజెంటుకు ఫోను చేస్తే ఆయన కంగారేమీ పడలేదు. "ఇది తిరస్కరణ కాదండీ. సంభాషణ మొదలైంది, అంతే. అభ్యంతరాలు లేని నివేదిక నేను చూసిన గుర్తు లేదు" అన్నారు. జవాబుకు ఆరు నెలలు, ఫారం 4 వేసి రుసుము కడితే ఇంకో మూడు నెలలు పొడిగించుకోవచ్చు. ముందు ఒక వారం దాని మొహం చూడవద్దని చెప్పారు. ఆ సలహా పాటించడానికి చాలా కష్టపడ్డాను.

వారం తర్వాత చదివితే నివేదిక వేరే కాగితంలా కనిపించింది. ఎగ్జామినర్ మాకన్నా ముందే వచ్చిన మూడు పత్రాలు చూపించారు. వాటిని డీ1, డీ2, డీ3 అంటారు. డీ1లో సంచిని గుడ్డ అడ్డగోడలతో అరలు అరలుగా విడదీశారు, పీలికలు జారకుండా. అడ్డగోడలను సంచి గోడకు కుట్టేశారు. డీ2లో సంచి నడుమ పట్టీ, పైన దాన్ని బిగించే చక్రం. గట్టిదనం పెంచడానికి సంచిని పైకీ కిందికీ నొక్కుతుంది. డీ3 చూసి మొదట నవ్వు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. అది నీళ్లు తోడే పంపు. అందులో ఒకే వైపు తెరుచుకునే రేకు ఉన్న బిళ్ల. పంచింగ్ బ్యాగ్‌కూ పంపుకూ సంబంధమేమిటని ఇంట్లో అందరినీ అడిగాను. ఎగ్జామినర్ వాదన సూటిగానే ఉంది: అరలు తెలిసినవే, పట్టీ తెలిసినదే, ఒకవైపు రేకు తెలిసినదే, ఈ రంగంలో నైపుణ్యం ఉన్న మనిషి ఎవరైనా మూడూ కలిపి ఉండేవాడు. సెక్షన్ 3(ఎఫ్) అభ్యంతరం కూడా దీనికి కొనసాగింపే. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెడితే, ఒక్కొక్కటి దాని పని అది చేసుకుంటూ పోతే, అది ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ అంటుంది.

3(ఎం) అభ్యంతరం పన్నెండో క్లెయిము మీద. ఈ సంచితో సాధన చేసే పద్ధతి అని ఒక క్లెయిము రాశాం. ఆట ఆడే పద్ధతికి మన చట్టం పేటెంట్ ఇవ్వదు. పదకొండోది స్పష్టత లేదని పోయింది, అందులో "తగిన పదార్థం" అన్న మాట ఉంది. 640 రూపాయలు కట్టిన రెండు క్లెయిములూ అలా రాలిపోయాయి. క్లెయిములు స్పష్టంగా ఉండాలనే 10(5) కింద మిగతావాటిలో కూడా "సుమారు", "దాదాపు" అన్న మాటలన్నిటికీ సున్నా చుట్టారు.

చివర్లో లాంఛనాలు. బొమ్మల కాగితాల మీద ఎడమ పై మూలన దరఖాస్తుదారు పేరు, కుడి పై మూలన కాగితాల సంఖ్య, కుడి కింది మూలన సంతకం ఉండాలి. మా కాగితాల్లో ఒకదాని మీద సంఖ్య కత్తిరింపులో పోయింది. సారాంశం 150 మాటలు దాటకూడదు. విదేశాల్లో దరఖాస్తు వేశామా లేదా అన్నదానికి ఫారం 3. ఇవన్నీ ఒక సాయంత్రం పని, వీటికి గుండెలు బాదుకోనక్కర్లేదు.

జవాబు మొదటి చిత్తుప్రతి నేనే రాశాను. ఆవేశంగా రాశాను. బాక్సింగ్ గురించి, పిల్లల మణికట్ల గురించి, ఇలాంటి సంచి దేశంలో ఎక్కడా లేదన్నదాని గురించి పేజీలకు పేజీలు. ఏజెంటు ఎర్ర కలంతో దాదాపు అంతా కొట్టేశారు. వస్తువు గొప్పదా కాదా అన్నది ఇక్కడ ఎవరూ అడగరు. డీ1కూ మీదానికీ తేడా ఏమిటి, ఆ తేడా వల్ల ఏం జరుగుతుంది, అది దాఖలు చేసిన రోజు కాగితంలో ఎక్కడుంది, మూడు పత్రాలు చేతికిచ్చినా మామూలు నిపుణుడు ఇక్కడికి ఎందుకు రాడు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చే వాక్యం ఉంటే ఉంచారు, లేకపోతే తీసేశారు.

కూర్చుని ఒక్కొక్కటి చూసుకుంటూ పోతే నా సంచి నాకే కొత్తగా అర్థమైంది. డీ1లో అడ్డగోడ సంచికి కుట్టి ఉంది, కదలదు. దాన్ని కదిలేలా చేయాలంటే ముందు ఆ కుట్టు విప్పాలి. కుట్టు విప్పితే పీలికలు పక్క నుంచి జారిపోతాయి. డీ1 రాసినవాళ్లు సరిగ్గా అదే జరగకూడదని కుట్టారు. అంటే డీ1 నా దారికి ఎదురు దారి చూపిస్తోంది. డీ3 సంగతికొస్తే, నీళ్లు వాటంతటవే పారతాయి, రేకు తెరుచుకుంటే చాలు. గుడ్డ పీలికలు పారవు. వాటి మధ్య నుంచి బిళ్ల దిగాలంటే సంచిని ఎవరో కుదుపుతూ ఉండాలి. ఆ కుదుపు మాకు గుద్దుల నుంచి వస్తుంది. పట్టీ, రేకులు, వలయం, గోడ దగ్గరి ఖాళీ, గుద్దు, అన్నీ ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉన్నాయి గనుక 3(ఎఫ్) వర్తించదు. ఈ వాదన ఆరు నెలల కిందట నా నోట వచ్చేది కాదు. ఆ పంపు పత్రం చూపించినందుకు ఎగ్జామినర్‌కు తర్వాత తర్వాత మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను.

క్లెయిములు మార్చడానికి సెక్షన్ 59 పెద్ద కట్టుబాటు. ముందు రాసినదాన్ని కుదించవచ్చు, సరిదిద్దవచ్చు, వివరించవచ్చు. కొత్త విషయం చేర్చడానికి లేదు. ఈ ఏడాదిన్నరలో మేం రేకుల కొసలకు దారపు అంచు వేశాం, దానివల్ల చిరగడం తగ్గింది. దాఖలు చేసిన కాగితంలో అది లేదు. ఎంత మంచిదైనా ఇప్పుడు ఈ దరఖాస్తులో దానికి చోటు లేదు. ఇది వినగానే కోపం వచ్చిందిగాని, ఆలోచిస్తే సబబే. లేకపోతే అందరూ ఖాళీ కాగితం వేసి, తీరిగ్గా నింపుకుంటారు.

అక్టోబరులో జవాబు పంపాం. నాలుగో క్లెయిములోని వలయాన్నీ, ఏడో క్లెయిములోని ఖాళీనీ తెచ్చి మొదటి క్లెయిములో కలిపాం. చివరి రెండు తీసేశాం. పన్నెండు ఎనిమిదయ్యాయి. మార్పులు గుర్తుపెట్టిన ప్రతి ఒకటి, శుభ్రమైన ప్రతి ఒకటి, రెండూ పెట్టాలి. మొదట రాసిన మొదటి క్లెయిము పీలికలను పైకి లేపే బిళ్ల ఎలాంటిదైనా నాదే అనేది. ఇప్పుడది ఫలానా రేకులు, ఫలానా వలయం, ఫలానా ఖాళీ ఉన్న బిళ్లకే పరిమితం. కత్తిరించుకుంటుంటే ప్రాణం ఉసూరుమంది. "వెడల్పుగా ఉండి రేపు కోర్టులో పడిపోయేదానికన్నా, ఇరుకుగా ఉండి నిలబడేది మేలండీ" అన్నారు ఏజెంటు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, నాకు మాత్రం ఆ రోజు ఓదార్పుగా అనిపించలేదు.

తర్వాత నిశ్శబ్దం. పోర్టల్లో దరఖాస్తు స్థితి ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు, అదే తంటా. పొద్దున లేవగానే చూడటం అలవాటైపోయింది. మార్పు ఉంటే ఈమెయిల్ ఎలాగూ వస్తుందని తెలిసినా చూసేదాన్ని.

2025 ఫిబ్రవరిలో విచారణ నోటీసు వచ్చింది, సెక్షన్ 14 కింద. కొన్ని అభ్యంతరాలు తొలగిపోయాయి, ఇన్వెంటివ్ స్టెప్ ఇంకా ఉంది. విచారణ అంటే బోను, నల్లకోటు ఊహించుకున్నాను. వీడియో కాల్ అది. తేదీ కుదరకపోతే వాయిదా అడగవచ్చు, రెండుసార్లకు మించి కుదరదు, ఒక్కోటి 30 రోజులు దాటకూడదు. మేం అడగలేదు. ఏజెంటు ఒక్కరే మాట్లాడితే సరిపోతుంది. నేను కూడా ఉంటానని పట్టుబట్టాను.

మార్చిలో విచారణ. నేను ఒక బిళ్లను బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నాను. విచారణ జరిపే పేటెంట్ కార్యాలయం అధికారిని కంట్రోలర్ అంటారు. కంట్రోలర్ మర్యాదగా, తొందర లేకుండా మాట్లాడారు. నివేదికనూ మా జవాబునూ క్షుణ్ణంగా చదివి వచ్చారని మొదటి ప్రశ్నకే తెలిసిపోయింది. ఏజెంటు 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం కేసులో ఇచ్చిన తీర్పు ప్రస్తావించారు. గిన్నెలు తయారుచేసే యంత్రం మీద వచ్చిన వివాదం అది. మామూలు వర్క్‌షాపు మెరుగుదల పేటెంట్‌కు చాలదని, అంతకుమించి ఏదో ఉండాలని ఆ తీర్పు చెప్పింది. నిజానికి ఆ కేసులో పేటెంట్ నిలవలేదు. ఓడిన కేసును మనకు అనుకూలంగా చూపిస్తారేమిటని నాకు గుండె దడ. ఏజెంటు మాత్రం ఆ కొలబద్దనే తీసుకుని, వర్క్‌షాపులో ఎవరైనా చేసే మెరుగుదల అయితే డీ1 కుట్టును ఇంకా గట్టిగా వేయడం అయ్యేదిగాని విప్పడం కాదని చెప్పారు.

అప్పుడు నేను బిళ్ల ఎత్తి కెమెరా ముందు పెట్టాను. వేలితో రేకులను పైకి నొక్కితే మడుచుకున్నాయి, కిందికి నొక్కితే వలయానికి తగిలి టక్కున ఆగాయి. కంట్రోలర్ చూశారు. చూసి, "బాగుంది మేడమ్. గుద్దుల వల్ల బిళ్ల దిగుతుందన్నది మీ స్పెసిఫికేషన్‌లో ఏ పేజీలో ఉంది?" అని అడిగారు.

ఏజెంటు పేజీ సంఖ్య చెప్పారు. అక్కడ ఉన్నది ఒక్క వాక్యం. రేకుల కొసకూ సంచి గోడకూ మధ్య 15 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచినందువల్ల, వాడుకలో తగిలే దెబ్బల కుదుపుకు బిళ్ల పీలికల గుండా దానంతటది దిగుతుందని. దాని కిందనే త్రాసుతో కొలిచిన పట్టిక. కంట్రోలర్ కాసేపు చదువుకున్నారు. ఖాళీ కొలతను క్లెయిములో కూడా అంకెలతో పెడతారా అని అడిగారు. పెడతామన్నాం. అరగంట కూడా పట్టలేదు. నా చేతిలోని బిళ్ల గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

విచారణ తర్వాత 15 రోజుల్లోపు చెప్పినదంతా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ గడువు చిన్నది, విచారణ అయిపోయిందన్న సంతోషంలో జారిపోయే ప్రమాదం ఉంది. మేం వారంలోనే సవరించిన క్లెయిములతో సహా పంపాం. మే నెలలో మంజూరు ఉత్తర్వు, దాని వెంట సర్టిఫికెట్టు ఈమెయిల్లో వచ్చాయి. మంజూరుకు విడిగా రుసుము లేదు. సర్టిఫికెట్టు ప్రింటు తీసి కుట్టుపని పెద్దాయనకు ఇస్తే, ఆయన ముందు తన పేరు స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నారు.

ఖర్చులు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ప్రభుత్వ రుసుములు: దాఖలుకు 1,600, అదనపు క్లెయిములకు 640, ఫారం 9కి 2,500, ఫారం 18ఏకి 8,000. మొత్తం 12,740. ఏజెంటు ఫీజు దీనికి మూడింతల పైనే అయింది. అందులో పెద్ద భాగం ఎఫ్‌ఈఆర్ జవాబుకూ విచారణకూ. ఏజెంటుతో ఒప్పందం చేసుకునేటప్పుడు దాఖలు ఫీజు మాత్రమే మాట్లాడుకుని ఊరుకోవద్దు, ఈ రెండింటికీ ఎంతో ముందే రాయించుకోండి. బొమ్మలు గీయించడానికి విడిగా అయింది. సంచుల మీద, పీలికల మీద పెట్టింది లెక్క వేయలేదు, వేయదలచుకోలేదు.

మంజూరైంది కదా అని కాళ్లు చాపుకోవడానికి లేదు. పేటెంట్ 20 ఏళ్లు, 2023 ఫిబ్రవరి నుంచే లెక్క. దాఖలైన రెండేళ్ల తర్వాత మంజూరైతే, అప్పటికే బాకీ పడిన పునరుద్ధరణ రుసుమును రిజిస్టరులో నమోదైన మూడు నెలల్లోపు కట్టాలి. నాకు మూడో ఏడాదిది 800 రూపాయలు. ఆరో ఏడాది దాకా ఏటా అంతే, ఏడు నుంచి 2,400, ఆ తర్వాత ఇంకా పెరుగుతుంది. మంజూరు ప్రచురణ నుంచి ఏడాదిపాటు దాని మీద, ఆ విషయంలో ఆసక్తి ఉన్న పక్షం ఎవరైనా వ్యతిరేక పిటిషన్ వేయవచ్చు. ఇక పేటెంట్‌ను దేశంలో వాడుకలో పెట్టామా లేదా అని చెప్పే ఫారం 27 ఒకటి మిగిలింది. 2024 సవరణ తర్వాత అది మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి. నాది 2029 సెప్టెంబరు లోపు వేయాలి. ఏజెంటు ఇప్పుడే క్యాలెండర్లో పెట్టించారు. రేకులకు దారపు అంచు వేసిన సంగతికి ఇంకో దరఖాస్తు వేయాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అంతవరకు ఆ అంచు ఉన్న సంచిని మాత్రం హాల్లో వేలాడదీయడం లేదు.